చివర నడిచే మనిషి

బాత్రూము తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి, పైనున్న చిన్న కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి, అతను అయిదో టార్చి వెలిగించాడు. వెలిగించే ముందు జేబులోంచి చొక్కా గుండీ ఒకటి తీసి భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది ఎక్కడో టక్కుమని, ఇంకెక్కడో టిక్కుమని ఆగింది. ఇప్పుడు దాన్ని వెతకాలి. పది రోజులుగా పొద్దున్నే ఇదే పని. స్నానానికని వెళ్తాడు, నీళ్ళ చప్పుడు మాత్రం వినపడదు.

వెలుతురు పాలు ఒలికినట్టు నేలంతా పరుచుకుంది. పరుచుకుందని అతనికి తెలుసు, టార్చి వచ్చిన అట్టపెట్టె మీద అలాగే రాసి ఉంది. అతనికి కనపడింది మాత్రం గాజంత గుండ్రం. ఆ గుండ్రంలో ఒక టైలు, టైలు మీద పగులు, పగుల్లో ఇరుక్కున్న సబ్బు మడ్డి. గుండ్రం దాటితే ఏమీ లేదు. తల తిప్పాడు. గుండ్రం బకెట్టు మీదికి వెళ్ళింది. ఇంకా తిప్పాడు. మగ్గు పిడి, తన బొటనవేలు, తూము. గుండీ లేదు.

తలుపు మీద వేళ్ళతో కొట్టిన చప్పుడైంది.

"ఏవండీ, నాకు బడి టైమవుతోంది. అయిందా మీ తపస్సు?"

భార్య రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడిలో ఆయా. ముప్ఫై మంది పిల్లల ముక్కులు తుడిచి, బూట్లకు తాళ్ళు కట్టే మనిషి. ఎవరు ఏడవబోతున్నారో, ఎవరు ఏడుపు ఆపుకుంటున్నారో ముఖం చూడకుండానే చెప్పగలదు. అతను టార్చి ఆర్పి తలుపు తీశాడు. ఆమె లోపలికి అడుగుపెట్టి, వెంటనే కాలు పైకెత్తి అరికాలుకి అతుక్కున్నదాన్ని తీసింది.

"ఇదిగో మీ గుండీ. గడప దగ్గరే ఉంది కదండీ."

అతను గుండీ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"చెప్పేయండి వాళ్ళకి," అంది ఆమె, అతనికేసి చూడకుండా, పళ్ళు తోముకునే బ్రష్షు మీద పేస్టు వేస్తూ.

"చెప్తే?"

"చెప్తే చెప్పినట్టు ఉంటుంది."

"ఇంకా అయిదేళ్ళుంది నాకు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావు, గోడలు కాపలా కాయనా?"

ఆమె పళ్ళు తోముకోవడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో కుర్చీ ఒక్క వేలెడు కూడా జరగలేదు. బల్ల, మంచం, చెప్పుల పెట్టె, అన్నీ మేకులు కొట్టినట్టు ఉన్నచోటే ఉన్నాయి. సాయంత్రం పూట ఇద్దరూ కలిసి బయటికి వెళ్తే ఆమె ఆపకుండా మాట్లాడుతుంది. అవసరమైనవీ లేనివీ, పిల్లల సంగతులూ పక్కింటివాళ్ళ సంగతులూ. పెళ్ళైన కొత్తలో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ గొంతు పట్టుకుని అతను నడుస్తాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

అతను పనిచేసేది నేల కింద. భూగర్భ రైలు స్టేషన్లో ప్లాట్‌ఫారం మనిషి. నలభై నాలుగు మీటర్ల లోతున, ముప్ఫై ఏళ్ళుగా, "పసుపు గీత దాటకండి, గీత దాటకండి" అంటూ ఆ చివర నుంచి ఈ చివరకి నడవడం అతని ఉద్యోగం. బండి వస్తే చెయ్యెత్తాలి, వెళ్తే దించాలి. ఎవరి చెవిపోగో తాళంచెవో పట్టాల మీద పడితే కొసన పట్టకారున్న పొడవాటి చిమటా కర్రతో తీసివ్వాలి. ఒకప్పుడు అందులో అతన్ని కొట్టినవాడు లేడు. పట్టాల మధ్య నల్లటి నూనె మడ్డిలో పడ్డ చెవిపోగు శీలని టార్చి లేకుండా చూసి తీసిచ్చిన రోజు స్టేషనంతా కలిసి అతనికి 'గుడ్లగూబ' అని పేరు పెట్టింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పేరు పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, పేరు ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా "ఏం గుడ్లగూబా!" అని పిలిస్తే అతనికి దొంగకు తేలు కుట్టినట్టు ఉంటుంది.

రేచీకటి అన్నాడు కళ్ళ డాక్టరు. అది మొదలట. "ఒక తెర అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోందనుకోండి. మధ్యలో కొన్నాళ్ళు బాగానే ఉంటుంది," అన్నాడు. మందు లేదన్నాడు. ఆఫీసులో చెప్పమన్నాడు. అతను చెప్పలేదు. ఏడాదికోసారి ఆఫీసులో కళ్ళ పరీక్ష ఉంటుంది. అది పట్టపగల్లాంటి గదిలో, గోడమీది అక్షరాలు చదివే పరీక్ష. అన్నిటికన్నా కింది వరుస గడగడా చదివేసి వస్తాడు. ప్లాట్‌ఫారం మీద కూడా ట్యూబులైట్ల వరుస ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కరెంటు పోతేనే. కరెంటు పోయి, బండి సొరంగంలో ఆగిపోతే, జనాన్ని పట్టాల మీద నడిపించి తీసుకురావాల్సింది ప్లాట్‌ఫారం మనుషులే. అలాంటిది జరిగి పదకొండేళ్ళయింది. రేపే జరగొచ్చు. ఇవాళ మాత్రం డ్రిల్లు ఉంది, మధ్యాహ్నం మూడింటికి.

టార్చిల పిచ్చి అలా పట్టుకుంది. ఆఫీసువాళ్ళిచ్చింది రోకలిబండలా ఉంటుంది, అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే తప్ప వెలగదు. రెండోది పెన్నులాంటిది. జేబుకి తగిలించుకోవచ్చు గానీ దాని వెలుతురు సూదిమొనలా ఒక్క చోటే గుచ్చుకుంటుంది. మూడోది నుదుటికి కట్టుకునేది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయని కొన్నాడు. కట్టుకున్న రోజే టిక్కెట్ల దగ్గరివాళ్ళు "బొగ్గు ఎంత తవ్వావు?" అని అడిగారు. పైగా ఎవరి ముఖం చూస్తే వాళ్ళ కళ్ళలో పడుతుంది. నాలుగోదానికి అయిదు రకాల వెలుతురు, ఒకే మీట. ఒకసారి నొక్కితే చిన్నది, రెండోసారికి పెద్దది, మూడోసారికి టపటపా కొట్టుకోవడం. కంగారులో ఎన్నిసార్లు నొక్కామో ఎవడికి గుర్తుంటుంది? ఈ అయిదోది పాలు ఒలకబోసేది. ఏదీ కుదరలేదు. కుదరంది టార్చి కాదని మనసు మూలన ఎవరో అంటూనే ఉన్నారు. అతను ఆ మూలకి వెళ్ళడు.

పదింటికల్లా దీపాల కొట్టుకి చేరాడు. స్టేషన్ మెట్ల పక్క సందులో, తాళాల కొట్టుకీ గడియారాల కొట్టుకీ మధ్య, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత కొట్టు. కొట్టాయన సరిగ్గా అంత మనిషే. ఒళ్ళో ఇస్త్రీపెట్టె పెట్టుకుని మరలు విప్పుతున్నాడు.

"రండి గురువుగారూ. అయిదోది కూడా వచ్చేసిందా? ఈసారి ఏం తప్పు చేసింది పాపం?"

"వెలుతురు చాలటం లేదు."

"చాలటం లేదా? దానితో మా వీధి మొత్తానికి పెళ్ళి లైటింగు పెట్టొచ్చు." కొట్టాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నవ్వుతూ లేచాడు. "మీరు సొరంగంలోకి వెళ్తున్నారా, సూర్యుణ్ణి వెతకడానికి వెళ్తున్నారా? నేను చెప్పేది వినండి ఒకసారి."

అద్దాల పెట్టెలోంచి చూపుడువేలంత టార్చి తీసి బల్ల మీద నిలబెట్టాడు. బూడిద రంగు లోహం, పట్టు కోసం సన్నటి గాట్లు, జేబుకి తగిలించుకునే కొక్కెం.

"రోజూ జేబులో ఉండాలంటే బరువు తెలియకూడదు. బరువు తెలిస్తే మూడో రోజు ఇంట్లో పెట్టేసి వస్తాం. మీట వెనకవైపు ఉంది చూడండి, బొటనవేలు తడుముకోనక్కర్లేదు. ఒక్క నొక్కుతో చిన్న వెలుగు, గట్టిగా పట్టి ఉంచితే పెద్దది, అంతే. ఇందులో మామూలు సెల్లు వేసుకోవచ్చు, ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది. ఛార్జింగుది ఎందుకొద్దంటున్నానంటే, అది చచ్చిపోయేది సరిగ్గా మనకి కావాల్సిన రోజునే. ఇంకోటి. తెల్ల వెలుగు పొగలో గోడలా అడ్డం నిలబడుతుంది. ఇది పసుపుపచ్చగా ఉంటుంది, కాస్త కళ్ళలో పొడవదు. చిన్న వెలుగులో పెడితే ముప్ఫై గంటలు. సొరంగంలో ఇరుక్కున్నవాడికి కావాల్సింది ఎండ కాదండీ, ఓపిక."

అతను అంతా విన్నాడు. కొట్టాయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. అలాంటి మాటలు పదేళ్ళ కిందట విని ఉంటే ఆ వేలెడు టార్చి ఎగిరి గంతేసి కొనుక్కునేవాడు.

"అది కాదు," అన్నాడు. "ఆ పైన ఉందే, పెద్దది. అది చూపించండి."

కొట్టాయన పైకి చూశాడు. అటక మీద ఉన్నది పొలాల్లో పందుల్ని తరిమేవాళ్ళు కొనే దీపం, చెంబంత. ఏమనుకున్నాడో, దించి చేతికిచ్చాడు. "రండి, లోపల చీకట్లో చూద్దాం," అని వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

అతను మీట నొక్కాడు. ఎదుటి గోడ తెల్లగా పేలింది. అట్టపెట్టెల వరుస, పెట్టెల మీద అక్షరాలు, ఒక సాలెగూడు, అందులో ప్రతి పోగూ విడివిడిగా కనపడ్డాయి. అతనికి గుండె నిండినట్టయింది.

"ఇది," అన్నాడు. "ఇదే."

"బాగా కనపడుతోందా?"

"పగల్లా ఉంది."

"అయితే నేనెక్కడున్నాను చెప్పండి."

అతను దీపం కుడివైపు తిప్పాడు. పెట్టెలు. ఎదర, పెట్టెలు. గొంతు దగ్గర్నుంచే వచ్చింది. ఎటు నుంచి వచ్చిందో ఆ ఇరుకు గదిలో తెలియలేదు.

"ఎడమ పక్కనే ఉన్నానండీ. మీ మోచెయ్యి నా పొట్టకి తగులుతోంది. మెత్తగా ఉందే, బస్తా అనుకున్నారా?"

మామూలుగా అయితే ఆ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్ళు. కొట్టాయన కూడా సగం నవ్వి ఆగిపోయాడు. చెయ్యి చాపి గదిలో లైటు వేశాడు. అతను దీపాన్ని జాగ్రత్తగా ఒక పెట్టె మీద పెట్టి, పెట్టెకేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు కొట్టాయన.

అతను పెట్టె మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"గురువుగారూ, అమ్ముకునేవాణ్ణి, నేను అనకూడని మాట. దీపం పెద్దదయ్యే కొద్దీ దాని పక్కనున్నదేదీ కనపడదు మీకు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది." బయటికొచ్చి, వేలెడు టార్చిలో సెల్లు వేసి, పొట్లం కూడా కట్టకుండా అతని చొక్కా జేబుకి తగిలించాడు. "ఇది పెట్టుకోండి. మీకోసం కాదు. మీ వెనకాల వచ్చేవాళ్ళ కోసం. వాళ్ళకి మీరు కనపడతారు కదా, మిమ్మల్ని పట్టుకుని నడుస్తారు."

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"నేను చివర నడిచేవాణ్ణండీ," అన్నాడు. "నా వెనకాల ఎవరూ రారు."

పన్నెండింటికి డ్యూటీ ఎక్కాడు. నారింజ రంగు కోటు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, గేట్ల మీదుగా దిగుతుంటే గేటమ్మ ఆపింది. టిక్కెట్టు తీసుకోని గేట్లతోనూ, టిక్కెట్టు పెట్టడం రాని జనంతోనూ పొద్దస్తమానం కుస్తీపట్టే మనిషి. నలభై దాటాయి. ఎంత రద్దీలోనైనా చెదరని ఒక జడ, నడుము దాటి.

"ఏం బాబాయ్, మళ్ళీ కొత్త టార్చా? ఆడవాళ్ళు చీరలు కొన్నట్టు కొంటున్నావు. పిన్ని ఏమీ అనదా?"

"అంటుంది. ఎవరు వింటారు?"

"ఇవాళ డ్రిల్లులో నన్ను కూడా వేసింది మేడమ్. ఏం చెయ్యాలో ఎవరికీ చెప్పొద్దంది. చచ్చినట్టు పడుకోమందనుకో, అంతకన్నా హాయి ఏముంది? నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో."

అతను నవ్వాడు. ఆమె అతనితో ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. ఆమె చేరిన కొత్తలో, ఒక తాగుబోతు గేటు మీదుగా దూకి ఆమె మీదికొస్తే, ఇతను చిమటా కర్ర పట్టుకుని వచ్చి ఏమీ అనకుండా మధ్యలో నిలబడ్డాడు. అప్పటి నుంచి బాబాయ్.

మూడు గంటల పాటు బండ్లు వచ్చాయి, వెళ్ళాయి. అతను చెయ్యెత్తాడు, దించాడు. బండి వచ్చే ముందు సొరంగంలోంచి ఒక వెచ్చటి గాలి తోసుకొస్తుంది. ఇనుపపొడి వాసనా, తడి సున్నం వాసనా కలిసి. కళ్ళు మూసుకున్నా అతనికి బండి ఎంత దూరంలో ఉందో ఆ గాలి చెబుతుంది. నేల కింద అతనికి తెలియని అంగుళం లేదు. అందుకే చెప్పలేదు అతను ఆఫీసులో. అయిదేళ్ళ ఉద్యోగం సంగతి ఒకటి ఎలాగూ ఉంది. కానీ పైన, ఎండలో, అంతమంది మధ్య, ఏమీ తెలియనివాడిలా బతకడం ఎలా మొదలుపెట్టాలో అతనికి తట్టలేదు.

స్టేషన్ చివర బండ్లు నిలిపి ఉంచే సొరంగం ఒకటుంది. జనం రారు. అక్కడ నాలుగు పెట్టెల పాత బండి నిలబెట్టారు. ఆఫీసు గుమాస్తాలూ, టిక్కెట్లవాళ్ళూ, ఊడ్చేవాళ్ళూ ప్రయాణికుల్లా ఎక్కి కూర్చున్నారు. ముప్ఫై రెండు మంది. సూపరింటెండెంటు మేడమ్ అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు చేత్తో పట్టుకుని పట్టాల పక్కన నిలబడింది. అతని కన్నా పన్నెండేళ్ళు చిన్నది. కోపం వచ్చినా గొంతు పెంచదు, జాలి కలిగినా నిబంధన దాటదు.

"ముందు నడిచేది కొత్తగా చేరినాయన. చివర మీరు," అంది అతనితో. "ప్రతి పెట్టె చూసుకుని, ఎవరూ లేరని చెప్పాకే దిగాలి. మీకు చెప్పక్కర్లేదనుకోండి."

"అలాగే మేడమ్."

లైట్లు ఆరిపోయాయి.

ఒక్కసారిగా నవ్వులూ, "అమ్మో" అనడాలూ వినపడ్డాయి. తర్వాత అడుగుల చప్పుడు. ముందు పెట్టె నిచ్చెన మీదుగా ఒక్కొక్కరే దిగుతున్నారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, అతను నాలుగో పెట్టె చివర నుంచి మొదలుపెట్టాడు. వేలెడు టార్చి బొటనవేలి కింద ఒక్క నొక్కుకే వెలిగింది. పచ్చటి చిన్న గుండ్రం. చెంబంత దీపం కన్నా నిజానికి ఇదే నయం, కళ్ళు చెదరలేదు. ఎడమచేత్తో సీట్ల వీపులు లెక్కపెట్టుకుంటూ, గుండ్రాన్ని సీటు మీదా, సీటు కిందా, కిటికీ మీదా తిప్పుకుంటూ నడిచాడు.

"ఎవరైనా ఉన్నారా? ఉంటే చప్పుడు చెయ్యండి."

నాలుగో పెట్టె ఖాళీ. మూడో పెట్టె. ఎడమ సీట్లు, కుడి సీట్లు, పట్టుకునే కడ్డీలు, కిటికీ అద్దంలో తన టార్చే తిరిగి తన మీద. మధ్యలో ఒకచోట కాలి కింద నేల కొంచెం ఎత్తుగా తగిలింది. పాత బండి, రబ్బరు పట్టా ఎక్కడో లేచి ఉంటుంది. రెండో పెట్టె. మొదటిది.

నిచ్చెన దగ్గర నిలబడి, సొరంగం వినేలా, ముప్ఫై ఏళ్ళ గొంతుతో చెప్పాడు. "ఎవరూ లేరు!"

ప్లాట్‌ఫారం మీద మేడమ్ తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "ముప్ఫై ఒకరు," అంది. అప్పుడే సొరంగంలోంచి చెప్పుల చప్పుడు వినపడింది. గేటమ్మ వస్తోంది, బట్టలు దులుపుకుంటూ.

"నాదే తప్పు మేడమ్," అంది, ఇంకా దూరంగా ఉండగానే. "అందరూ దాటాక స్పృహ తప్పినట్టు నడవాలో పడుకోమన్నారు కదా, చలేసి సీటు కిందికి దూరాను. గోడ వైపుకి. బాబాయ్‌కి ఎలా కనపడతాను? ఎవరికీ కనపడను."

"స్పృహ తప్పిన మనిషి సీటు కిందికి దూరదు," అంది మేడమ్.

"తెలుసు మేడమ్. బుద్ధి తక్కువై."

మేడమ్ కాగితం మీద ఏదో రాసి, ఏదో కొట్టేసింది. డ్రిల్లు అయిపోయింది. టీ తెచ్చారు. జనం గ్లాసుల చుట్టూ చేరి, చీకట్లో ఎవరు ఎవరి కాలు తొక్కారో చెప్పుకుని నవ్వుకున్నారు. ఎవరో "గుడ్లగూబకి కూడా కనపడలేదంటే మనకేం కనపడుతుంది!" అన్నారు.

అతను గేటమ్మని స్తంభం వెనక్కి పిలిచాడు.

"నిజం చెప్పు. ఎక్కడ పడుకున్నావు?"

"చెప్పాగా బాబాయ్, సీటు కింద."

"నాతో కూడానా?"

ఆమె చేతిలోని టీ గ్లాసుకేసి చూసుకుంది.

"మూడో పెట్టెలో, నడవాలోనే, కుడి సీట్ల వారగా," అంది. "నువ్వు చూస్తావులే అనుకున్నా. నీ బూటు నా జడ మీద పడింది బాబాయ్. అప్పుడు కూడా చూస్తావనుకున్నా."

అప్పుడు చూశాడు అతను. ఆమె జడ మధ్యలో, బూటు అడుగున ఉండే గళ్ళ అచ్చు దుమ్ములో దిగి ఉంది. ట్యూబులైట్ల కింద స్పష్టంగా, ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకోవచ్చు.

"అరవలేదేం?"

"అరిస్తే అందరికీ తెలుస్తుందిగా."

అతను చెయ్యి చాపి ఆ దుమ్ము దులపబోయాడు. జడ ముట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తనే జడ ముందుకేసుకుని దులుపుకుంది.

"నేను ఎవరికీ చెప్పను. ఒట్టు. ఇలా నడిచిపోతుంది బాబాయ్. నిజంగా ఏమవుతుంది? పదేళ్ళకోసారి ఆగుతుంది బండి."

"ఆగితే?"

అతను జేబు నుంచి వేలెడు టార్చి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఉంచుకో. వెనకవైపు మీట, ఒక్క నొక్కు చాలు. రోజూ జేబులో పెట్టుకో."

"మరి నువ్వు?"

"పైన ఇంకా ఎండ ఉంటుందిలే."

మేడమ్ గదిలో అతను కూర్చోలేదు. కూర్చోమంది, కూర్చోలేదు. "ఆ అమ్మాయి కదల్లేదు మేడమ్. మీరు చెప్పిన చోటే ఉంది. నేనే చూడలేదు. తొక్కుకుంటూ వెళ్ళాను," అన్నాడు. ఆ తర్వాత మిగతాది కూడా చెప్పాడు. రెండేళ్ళుగా కొండంత ఉన్నది, బయటికొస్తే నాలుగు ముక్కలే అయింది.

మేడమ్ కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"ఎప్పటి నుంచి?"

చెబుదామనే నోరు తెరిచాడు. రెండేళ్ళంటే ఏడు వందల రోజులు. ఏడు వందల రోజులు, రోజుకి ఇన్ని వేల మంది. ఏ రోజైనా ఆ లైట్లు ఆరి ఉండొచ్చు. అతను ఆ అంకెని మేడమ్ బల్ల మీద పెట్టలేకపోయాడు.

"ఈ మధ్యేనండి," అన్నాడు. "ఒక నెల."

మేడమ్ తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు. "నేను రాయాల్సి ఉంటుంది."

"రాయండి."

"ఇవాళ్టి నుంచే దింపెయ్యాలి మిమ్మల్ని. రేపు డ్యూటీ వేస్తే తప్పు నాదవుతుంది." కాగితం ముందుకు లాక్కుంది. "పైన ఏదైనా పని చూడమని అడుగుతాను. కానీ మీకు తెలుసు కదా. టిక్కెట్లు మిషన్లిస్తున్నాయి. పైన ఉన్నవాళ్ళనే తీసేస్తున్నారు."

"తెలుసండి."

"ఇంటికి ఎవరినైనా తోడు పంపనా?"

"వద్దండి. వెలుతురుంది."

ఈల, తాళంచెవుల గుత్తి, నారింజ కోటు బల్ల మీద పెట్టాడు. కోటు మడతపెట్టబోతే మేడమ్ "ఉండనివ్వండి" అంది. అతను మడతపెట్టే పెట్టాడు.

పైకి వెళ్ళడానికి జనం మెట్లు, లిఫ్టు ఉన్నాయి. అతను సిబ్బంది మెట్ల వైపు వెళ్ళాడు. ప్లాట్‌ఫారం చివర ఇనుప తలుపు వెనక ఉంటాయి ఆ మెట్లు. నాలుగు మలుపులు, మలుపుకో బల్బు, అందులో రెండు ఎప్పుడూ వెలగవు. అక్కడికి వెళ్ళేదాకా అతనికి గుర్తులేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే గుర్తొచ్చింది. ఏడాదిన్నర కిందట, ఒక ఆదివారం పొద్దున, ఎవరూ లేనప్పుడు, తెల్ల టేపు చుట్ట తెచ్చి ఆ మెట్లకి ముక్కలు అంటించాడు. మలుపు మొదలయ్యే మెట్టుకొకటి, ముగిసే మెట్టుకొకటి, గడపల మీద రెండు. మొత్తం పది, బొటనవేలి వెడల్పున. అందరూ భద్రత విభాగంవాళ్ళు చేసిన పని అనుకున్నారు. ఒక మీటింగులో మేడమ్ ఆ విభాగాన్ని మెచ్చుకుంది కూడా.

రేపు ఆ విభాగాన్ని ఎవరైనా అడగొచ్చు. మేం అంటించలేదంటారు. అప్పుడు ఆ టేపు ఎవరికి, ఎన్నాళ్ళ కిందట కావాల్సొచ్చిందో లెక్క కట్టడం మొదలవుతుంది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని గోటితో మొదటి ముక్క అంచు లేపాడు. జిగురు గట్టిపడి, సన్నటి పీలికలుగా వచ్చింది. అరిచేతిలో ఉండలా చుట్టాడు. ఇంకో మెట్టు, ఇంకోటి. వెలిగే బల్బు కింద చూసి తీశాడు, వెలగని చోట తడిమి తీశాడు. దూరంగా కింద ఒక బండి వచ్చింది, వెచ్చటి గాలి తలుపు సందుల్లోంచి పైకి పాకి అతని వీపుకి తగిలింది. ఆ బండికి ఎవరు చెయ్యెత్తారో. అతను ఆగి, అది వెళ్ళిపోయేదాకా విని, మళ్ళీ తడిమాడు. అయిదు, ఆరు. మోకాళ్ళు నొప్పెట్టాయి. చూపుడువేలి గోరు చిగురు దాకా విరిగింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

పదోదాని కోసం పైగడప దగ్గర రెండుసార్లు తడిమాడు, అటొకసారి, ఇటొకసారి. చేతికి ఏమీ తగల్లేదు. ఊడ్చేవాళ్ళ చీపురుకి ఎప్పుడో లేచిపోయి ఉంటుందనుకున్నాడు. చేతిలోని టేపు ఉండని జేబులో వేసుకుని, గోడ పట్టుకుని లేచి, తలుపు తోశాడు. సాయంత్రపు ఎండ ముఖం మీద పడింది. వీధిలో జనం ఎవరి తొందరలో వాళ్ళున్నారు. అతను కాసేపు అక్కడే నిలబడి, కళ్ళు అలవాటుపడ్డాక, వాళ్ళలో కలిసి వెళ్ళిపోయాడు.

అతని వెనక ఇనుప తలుపు దానంతటదే మూసుకుంది. గడపకి ఒక జానెడు లోపల, బల్బు వెలగని మూలన, అతని చెయ్యి ఆగినచోటికి నాలుగు వేళ్ళ అవతల, తెల్ల టేపు ముక్క ఒకటి ఒక కొస పైకి లేచి, బూట్ల దుమ్ముతో మాసి, నేలని పట్టుకునే ఉంది.